కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల డొక్కలెగరేస్తుంటే

కుక్కపిల్లను ఇంటికి తెచ్చాక మొదటి రెండు రోజులు సాధారణంగా బాగానే గడుస్తాయి. మూడో రోజో నాలుగో రోజో ఒక తుమ్ము, మర్నాడు ముక్కు నుంచి నీరు, ఆపైన దగ్గు. స్నానం పడలేదేమో అని ఒకరు, చల్లగాలి తగిలిందేమో అని ఇంకొకరు అనుకుంటూ ఉండగానే వారం తిరిగిపోతుంది. అప్పటికి పిల్ల తిండి ముట్టదు, పిలిస్తే తోక ఆడించదు, పడుకున్నా డొక్కలు ఎగిరెగిరి పడుతుంటాయి. కొత్త పిల్లల్లో ఇది ఎంత మామూలంటే, వెటర్నరీ డాక్టర్ సగం వినగానే "ఎప్పుడు తెచ్చారు?" అని అడుగుతారు. ఈ వారంలో ఇంట్లోవాళ్లు గమనించేది, ఒకరితో ఒకరు చెప్పుకునేది అంతా దగ్గు గురించే. పిల్ల ఎంత ప్రమాదంలో ఉందో తెలిసేది మాత్రం ఊపిరి చూస్తేనే.

ముందుగా తేదీల సంగతి. కుక్కల్లో దగ్గు తెప్పించే బోర్డెటెల్లా బాక్టీరియా ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. కుక్కల్లో ప్రమాదకరమైన జబ్బు తెచ్చే డిస్టెంపర్ వైరస్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కాబట్టి తెచ్చిన నాలుగో రోజున దగ్గు మొదలైందంటే, జబ్బు చాలావరకు అది పుట్టిపెరిగిన చోటో దారిలోనో అంటుకున్నదే. స్నానం చేయించామనో, రాత్రి కిటికీ తెరిచి ఉంచామనో తప్పంతా నెత్తిన వేసుకోనక్కర్లేదు. అలాగని స్నానాలూ చేయించొద్దు. జబ్బుపడిన పిల్లకు ఒంటి వేడి నిలుపుకోవడమే పెద్ద పని.

అమ్మేనాటికి పిల్ల చూడ్డానికి చలాకీగా ఉంటుంది, కార్డు మీద ఒక టీకా ముద్ర కూడా ఉంటుంది. అయినా జబ్బు ఎందుకొచ్చింది? పుట్టిన మొదటి రోజున తాగిన ముర్రుపాలతో తల్లి నుంచి పిల్లకు రక్షణ అందుతుంది. ఆ రక్షణ ఆరు వారాల వయసు నుంచి పదహారు వారాల మధ్య ఎప్పుడో ఒకప్పుడు కరిగిపోతుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకదానికి ముందు, ఒకదానికి వెనక. తల్లి ఇచ్చిన రక్షణ బలంగా ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనివ్వదు. ఆ బలం కాస్త తగ్గాక టీకాకు ఇంకా అడ్డుపడుతూనే ఉంటుంది, నిజమైన వైరస్‌ను ఆపే శక్తి మాత్రం ఉండదు. ఈ సందులోనే పిల్ల దొరికిపోతుంది. టీకాలను రెండు నుంచి నాలుగు వారాలకొకసారి చొప్పున వేస్తూ, చివరి డోసు పదహారు వారాల వయసులోనో ఆ తర్వాతో పడేలా చూడమనడానికి కారణం ఇదే. పిల్లలు ఎక్కువగా చేతులు మారేది ఎనిమిది వారాల వయసులో, అంటే ఈ సందు తెరుచుకునే రోజుల్లోనే. దానికి తల్లిపాలు మానిన నీరసం, తిండి మార్పు, ప్రయాణం, రకరకాల చోట్ల నుంచి వచ్చిన పిల్లలతో కలిసి ఒకే గాలి పీల్చడం తోడవుతాయి. ఒక డోసు టీకా పడిందని నిశ్చింతగా ఉండడం, నిజం చెప్పాలంటే, కార్డుకు ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువ విలువ ఇవ్వడమే.

లోపల జరిగేది ఇది. గాలిగొట్టం లోపలి గోడ మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. చీపురు ఊడ్చినట్టు అది దుమ్మునూ కళ్లెనూ ఎప్పటికప్పుడు పైకి, గొంతు వైపుకి నెడుతుంటుంది. బోర్డెటెల్లా నేరుగా వచ్చి ఆ నూగునే పట్టుకుంటుంది, దాని కదలికను ఆపేస్తుంది. పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్ రెండో రకం, కుక్కల శ్వాసకోశ కరోనావైరస్ లాంటివి ఆ గోడనే దెబ్బతీస్తాయి. ఇవి తరచూ రెండు మూడు కలిసి వస్తాయి. అందుకే కెన్నెల్ కాఫ్, అంటే కుక్కల అంటుదగ్గు అన్నది ఒక క్రిమి తెచ్చే ఒక జబ్బు పేరు కాదు, ఒక గుంపు పేరు. కుక్కల ఫ్లూ ఈ గుంపులోకి ఈమధ్యనే చేరింది: గుర్రాల్లో ఉండే హెచ్3ఎన్8 రకం 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో పందెం కుక్కలకు సోకినట్టు బయటపడింది, ఆసియాలో పక్షుల నుంచి వచ్చిన హెచ్3ఎన్2 రకం 2015లో అమెరికా చేరింది. ఏది మొదలుపెట్టినా, ఊడ్చే పని ఆగిపోయాక మామూలుగా గొంతులో ఊరికే పడి ఉండే బాక్టీరియా కూడా కిందికి జారుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు చీముతో, నీటితో నిండుతాయి. అదే న్యుమోనియా.

ఇక్కడే దగ్గు మోసం చేస్తుంది. మామూలు కెన్నెల్ కాఫ్ చెవులు హోరెత్తేలా ఉంటుంది. బాతు అరిచినట్టు పొడిదగ్గు, చివర వాంతి వచ్చినట్టు ఒక ఓకరింపు, కాస్త తెల్లటి నురగ. గొంతులో ఏదో ఇరుక్కుందని కంగారుపడి నోట్లో వేలు పెట్టి వెతికేవాళ్లూ ఉంటారు. కానీ ఆ దగ్గు తెర తగ్గగానే పిల్ల మళ్లీ బంతి వెనక పరిగెడుతుంది, గిన్నె ఖాళీ చేస్తుంది. ఇలాంటివాటిలో చాలావరకు ఒకటి నుంచి మూడు వారాల్లో సర్దుకుంటాయి. న్యుమోనియా దగ్గు దీనికి భిన్నం: మెత్తగా, తడిగా, బలం లేకుండా ఉంటుంది. ఇంకా ముదిరాక దగ్గే శక్తి కూడా పోయి దగ్గు ఆగిపోవచ్చు. ఇంట్లోవాళ్లు "రాత్రి దగ్గలేదు, కాస్త నయం" అనుకునే రాత్రే ఒక్కోసారి అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

అందుకని లెక్కపెట్టాల్సింది ఊపిరినే. పిల్ల గాఢనిద్రలో ఉన్నప్పుడు, చేతులు వేయకుండా, ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి చొప్పున ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. ఆడుకున్న వెంటనే, పాలు తాగిన వెంటనే, ఎండలో ఉన్నప్పుడు లెక్కపెట్టినది పనికిరాదు. కలలు కంటూ కాళ్లు ఆడిస్తున్నప్పుడు కూడా అంతే. పెద్ద కుక్కకు నిద్రలో నిమిషానికి ముప్ఫై దాటకూడదు. పిల్లలకు దానికన్నా కొంచెం ఎక్కువ ఉండొచ్చు గానీ, నిద్రలో నలభై దాటి అలాగే కొనసాగుతుంటే తెల్లారేదాకా ఆగే విషయం కాదు. రోజుకు మూడుసార్లు చూసి టైముతో సహా రాసిపెడితే డాక్టర్‌కు అది పది మాటల పెట్టు. నిన్న 28, ఇవాళ పొద్దున 36, సాయంత్రం 48 అన్న వరుసకు వివరణే అక్కర్లేదు.

అంకె ఒక్కటే సరిపోదు, పడే కష్టం కూడా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నిద్రలో తేలిగ్గా, నెమ్మదిగా ఊపిరి పీలుస్తుంది. గాలి అందని పిల్లకు ప్రతి ఊపిరికీ పొట్ట బిగుస్తుంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. మెడ ముందుకు చాచి, ముందుకాళ్లు రెండూ వెడల్పుగా పెట్టి కూర్చుంటుంది. నిద్ర ముంచుకొచ్చి తల వాలుతుంటుంది, పడుకుందామని ఒరుగుతుంది, వెంటనే ఉలిక్కిపడి మళ్లీ లేచి కూర్చుంటుంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. ఈ ఒక్క దృశ్యం కనిపిస్తే ఇక థర్మామీటర్ కోసం వెతకనక్కర్లేదు, బయల్దేరాలి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తే గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయినా, బూడిదరంగుకో నీలానికో తిరిగినా అది ఎమర్జెన్సీ. చిగుళ్లు సహజంగానే నల్లగా ఉన్న జాతుల్లో నాలుక చూడాలి. జ్వరం ఎంతుందో చెప్పగలిగితే మంచిదే: మలద్వారంలో పెట్టి చూస్తే సుమారు 38.3 నుంచి 39.2 సెల్సియస్, అంటే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా మామూలే. ముక్కు చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నదానితో మాత్రం ఏమీ తేలదు.

ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు ప్రేమ కొద్దీ దుప్పట్లో బిగించి గుండెకు హత్తుకుంటారు. ఊపిరాడని పిల్లకు అది ఛాతీ మీద బరువే. బుట్టలోనో అట్టపెట్టెలోనో మెత్తటి గుడ్డ వేసి, అది ఎలా కూర్చుంటే అలా వదిలేసి, గాలి ఆడేలా తీసుకెళ్లాలి. మెడపట్టీ తీసేయాలి. బలవంతంగా వెల్లకిలా తిప్పకూడదు. చిన్న జాతుల పిల్లలు కొన్ని గంటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలడం, వణకడం, పిలిచినా పలక్కపోవడం దాని గుర్తులు. అప్పుడు చిక్కటి చక్కెర నీళ్లో తేనో వేలితో చిగుళ్లకు కొద్దిగా రుద్దొచ్చు. గొంతులో మాత్రం పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆస్పత్రిలో మొదట దక్కాల్సింది ఆక్సిజన్. ఎక్స్‌రే ఎందుకు తీయలేదు, రక్తం ఎందుకు తీయలేదు అని కొందరు డాక్టర్ మీద విసుక్కుంటారు. నిజానికి ఆయాసపడుతున్న పిల్లను బల్ల మీద పక్కకు అదిమి ఎక్స్‌రే తీయడమే దాని ప్రాణం మీదికి తేవచ్చు. కాసేపు ఆక్సిజన్ పెట్టెలో ఉంచి, కుదుటపడ్డాక తీయడమే పద్ధతి. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. ఈ పెట్టెల్లో 40 నుంచి 60 శాతం దాకా పెంచుతారు. ఎక్కువ గాఢతతో రోజుల తరబడి ఇస్తే ఊపిరితిత్తులే దెబ్బతింటాయి కాబట్టి అవసరమైనంతే ఇచ్చి తగ్గిస్తూ వస్తారు. నాలుకకో పెదవికో క్లిప్పు పెట్టి చూసే రక్తంలోని ఆక్సిజన్ రీడింగ్ 95 శాతం పైన ఉండాలి, 90 కంటే తగ్గితే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టే. ఎక్స్‌రేకు ఇంకో గుణం ఉంది, అది పిల్ల కన్నా వెనకబడి నడుస్తుంది. జబ్బు మొదట్లో బాగానే కనిపించొచ్చు, పిల్ల కోలుకుని గెంతుతున్నా తెల్లటి మచ్చలు ఇంకా మిగిలే ఉండొచ్చు.

యాంటీబయాటిక్ విషయంలో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాల్సింది కొంత ఉంది. న్యుమోనియా దాకా వెళ్లని బాక్టీరియా దగ్గుకు సాధారణంగా ముందు ఎంచుకునేది డాక్సీసైక్లిన్. ఆ మాత్ర గొంతులో ఆగిపోతే అన్నవాహిక ఒరుసుకుపోతుంది, అందుకని వెంటనే కొంచెం తిండో నీళ్లో పట్టించాలి. తీవ్రమైన న్యుమోనియాకు ఒకటికి మించి యాంటీబయాటిక్స్ సూదిమందుగా ఇస్తారు. వాటిలో ఎన్‌రోఫ్లాక్సాసిన్ తరహా మందు ఎదిగే పిల్లల కీళ్ల మృదులాస్థికి మంచిది కాదు. అయినా ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టర్ తెలిసే వాడాల్సి రావచ్చు. బోర్డెటెల్లా గాలిగొట్టం లోపలి వైపున అతుక్కుని ఉంటుంది కాబట్టి రక్తం ద్వారా వెళ్లే మందు దానికి సరిగా అందదు. అందుకే కొన్ని మొండి కేసుల్లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నెబ్యులైజర్ అనే పరికరంతో సన్నటి తుంపరగా మార్చి పీల్పిస్తారు. సెలైన్ కూడా ఊరికే ఎక్కించేది కాదు. ఒంట్లో నీరు తగ్గితే కళ్లె చిక్కబడి లోపలే గడ్డకట్టుకుపోతుంది, ఇక దాన్ని ఏ దగ్గూ పైకి తేలేదు.

నెబ్యులైజర్ ఇంట్లో కూడా పనికొస్తుంది, డాక్టర్ చెప్పిన స్టెరైల్ సెలైన్‌తో మాత్రమే. యూకలిప్టస్, కర్పూరం, టీ ట్రీ లాంటి నూనెలు ఒక్క చుక్క కూడా వద్దు. పది పదిహేను నిమిషాలు పీల్చాక, చేతిని దోసిలిలా వంచి పక్కటెముకల మీద రెండు వైపులా కింది నుంచి పైకి మృదువుగా తట్టాలి. అరచేయి ఆనించి కొట్టకూడదు, టపటపమనే బోలు శబ్దం రావాలి. ఎలా తట్టాలో డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోవడం మేలు. అన్నవాహిక సమస్య ఉన్న పిల్లకు, తిన్న వెంటనే ఏ పిల్లకైనా ఇది పనికిరాదు. తట్టాక పిల్ల దగ్గుతుంది. ఆ దగ్గు కావాల్సిందే, దాంతోనే కళ్లె పైకొస్తుంది. అందుకే న్యుమోనియా ఉన్న పిల్లకు దగ్గు ఆపే సిరప్ పోయడం చేజేతులా చెరుపు చేయడమే. మనుషుల సిరప్‌లలో తీపి కోసం వాడే జైలిటాల్ కుక్కల రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ కొద్ది మోతాదుకే విషమవుతాయి. పారాసిటమాల్ కూడా సొంత లెక్కతో వేయదగ్గ మందు కాదు. మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్ర అసలే వద్దు, ఆయాసం తగ్గినట్టు అనిపిస్తూ లోపల ఇన్ఫెక్షన్‌కు దారి ఇస్తుంది.

తిండి దగ్గర ఓపిక చాలా కావాలి. ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే కుక్క తినదు. గోరువెచ్చటి ఉప్పునీటిలో ముంచిన దూదితో ముక్కు చీమిడి, కళ్ల పుసులు మెత్తబరిచి తుడిచి, ఆ తర్వాత తిండిని కాస్త వెచ్చచేసి పెడితే చాలాసార్లు మూతి ముందుకొస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెంగా. తిననంటే సిరంజితో నోట్లోకి నెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఎగశ్వాసలో ఉన్న పిల్లకు మింగడానికీ పీల్చడానికీ ఒకేసారి కుదరదు, పొలమారుతుంది, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న న్యుమోనియాకు ఇంకో న్యుమోనియా తోడవుతుంది. ఒక రోజంతా సొంతంగా తినని పిల్లకు ఎలా పెట్టాలన్నది ఆస్పత్రిలో తేలాల్సిన విషయం. లేవలేని పిల్లను బోర్లా, ఛాతీ మీద పడుకోబెట్టాలి. పక్కకే పడుకుంటుంటే రెండు మూడు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే కిందివైపు ఊపిరితిత్తి అణగారిపోతుంది. రోజూ ఒకే టైముకు బరువు చూడాలి. ఎదిగే వయసు పిల్ల వరసగా రెండు రోజులు బరువు తగ్గిందంటే, మిగతా విషయాల్లో ఎంత నయంగా కనిపించినా, మందు పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. గదిలో సిగరెట్ పొగ, రూమ్ స్ప్రే, ఘాటు ఫినాయిల్ ఉండకూడదు.

దగ్గిన ప్రతి పిల్లకూ బాక్టీరియా, వైరస్‌లే కారణమని లేదు. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు సంక్రమిస్తాయి, వాటి లార్వాలు పేగుల్లోకి చేరేముందు ఊపిరితిత్తుల గుండా ప్రయాణిస్తాయి. ఆ దారిలో దగ్గూ వస్తుంది. పుట్టుకతో అంగిలి చీలి ఉంటే పాలు ముక్కులోంచి వస్తాయి, ఎన్ని మందులు వేసినా న్యుమోనియా తిరిగి వస్తూనే ఉంటుంది. కొనేముందు నోరు తెరిచి పైకప్పు చూసేవాళ్లు ఎంతమంది? గుండె దగ్గర, పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం మూసుకోని పిల్ల కూడా ఆయాసపడొచ్చు, దాన్ని డాక్టర్ స్టెతస్కోపుతోనే పట్టేయగలరు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులతో వేరే చిక్కు. అవి ఎప్పుడూ గురకపెడుతూనే ఉంటాయి కాబట్టి జబ్బు శబ్దం అందులో కలిసిపోతుంది. వాటికి ఆరోగ్యంగా ఉన్నప్పుడే నిద్రలో ఊపిరి లెక్కపెట్టి రాసి ఉంచుకోవడం ఒక్కటే మార్గం.

అందరికీ టెన్షన్ పెట్టే పేరు డిస్టెంపర్. మనుషుల తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టమైన ఈ వైరస్ ఊపిరితిత్తులతో ఆగదు. కళ్లలో చిక్కటి పుసులు, పచ్చటి చీమిడి, దగ్గు, వాటితో పాటు వాంతులు, విరేచనాలు ఉంటే అనుమానం అటు పోవాలి. జ్వరం ఒకసారి వచ్చి తగ్గి మళ్లీ వస్తుంది, కొన్నిటికి పాదాల మెత్తలూ ముక్కూ గట్టిపడతాయి. పీసీఆర్ పరీక్షతో నిర్ధారిస్తారు. అయితే ఈమధ్యే టీకా వేసి ఉంటే ఆ టీకా వైరస్సే పరీక్షలో కనిపించే వీలుంది, టీకా తేదీ డాక్టర్‌కు చెప్పాలి. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు, బాక్టీరియాను ఆపుతూ పిల్లను నిలబెట్టడమే వైద్యం. అన్నిటికన్నా కష్టమైనది ఏమిటంటే, దగ్గు తగ్గి పిల్ల కోలుకుందనుకున్న కొన్ని వారాల తర్వాత కూడా దవడలు టకటకా కొట్టుకోవడం, ఒక కాలు గానీ కణత గానీ లయగా అదరడం, మూర్ఛలు మొదలవ్వొచ్చు. అన్నిటికీ అలా కాదు, కొన్ని పిల్లలు బయటపడతాయి. కానీ డిస్టెంపర్ అని తేలినప్పుడు ఈ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

ఇంట్లో వేరే కుక్క ఉంటే వేరే గది, వేరే గిన్నెలు, ముందు ఆరోగ్యంగా ఉన్నదాని పని చూసుకుని తర్వాత జబ్బుపిల్ల దగ్గరికి వెళ్లడం. డిస్టెంపర్ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, మామూలు క్రిమినాశని చాలు. ఫ్లూ వైరస్ గట్టి వస్తువుల మీద రెండు రోజుల దాకా, బట్టల మీద ఒక రోజు దాకా ఉండగలదు. బోర్డెటెల్లా పిల్లులకూ సోకుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన మనుషులకు కూడా అరుదుగా సోకిన సందర్భాలున్నాయి. పిల్ల కోలుకున్నాక కూడా ఈ బాక్టీరియా వారాల తరబడి, ఒక్కోసారి రెండు మూడు నెలలు బయటికి వస్తూనే ఉంటుంది.

అమ్మినవారితో మాట్లాడాలి, అదీ మొదటి రోజే. డబ్బు సంగతి తర్వాత. అదే ఈతలోని మిగతా పిల్లల్లో ఎన్ని దగ్గుతున్నాయి, ఏ పరీక్ష చేయించారు, ఏ మందుకు తగ్గింది అన్న సమాచారం డాక్టర్‌కు వెంటనే అక్కరకొస్తుంది. తెచ్చిన తేదీ, టీకా కార్డు, డాక్టర్ రాసిచ్చిన రిపోర్టు, ఊపిరి లెక్కలు, ఎగశ్వాస పడుతున్నప్పుడు తీసిన వీడియో ఒకచోట ఉంచితే వైద్యానికీ తగువుకీ రెండిటికీ పనికొస్తాయి. "వెనక్కి ఇచ్చేయండి, ఇంకోటి ఇస్తాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆక్సిజన్ అవసరమున్న పిల్లకు ఇంకో ప్రయాణం చేయించి, జబ్బు పుట్టిన చోటికే పంపడం వైద్యపరంగా చెడ్డ సలహా. ఆ ఇంకోటి వచ్చేది కూడా అదే గాలి పీల్చిన గదిలోంచే.

కోలుకునే దశలో తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. పిల్ల ఆడుతోంది కదా అని మూడో రోజుకే మందు ఆపేస్తే తిరగబెడుతుంది. ఎన్నాళ్లు వాడాలన్నది పది పద్నాలుగు రోజుల్లో మళ్లీ చూపించినప్పుడు డాక్టర్ నిర్ణయించాలి, అవసరమైతే ఎక్స్‌రే మళ్లీ తీసి. మిగిలిన టీకాలు ఎప్పుడు వేయాలో అప్పుడే అడగాలి, జబ్బులో ఉండగా వేయించకూడదు. నడకకు మెడపట్టీ బదులు హార్నెస్ వాడాలి, ఒరుసుకుపోయిన గాలిగొట్టం కొన్ని వారాల దాకా చిన్న లాగుడుకే దగ్గు తెప్పిస్తుంది. పూర్తి కోర్సు వాడినా మందు ఆపిన ప్రతిసారీ న్యుమోనియా తిరిగి వస్తుంటే యాంటీబయాటిక్ మార్చుకుంటూ పోయే బదులు అసలు కారణం వెతకమని డాక్టర్‌ను అడగాలి: అన్నవాహిక సాగిపోయి తిండి వెనక్కి వస్తోందా, అంగిలి చీలిందా, గాలిగొట్టంలోని నూగుకు పుట్టుకతోనే లోపముందా.